సుద్దగీత

“కాలు తీసేస్తారా?” దర్జీ భార్య కెవ్వుమంది.

“కాలు కాదమ్మా, చీలమండ కీలు. తీసెయ్యం, చిన్న చిన్న గాట్లతో మరలు దించి అతికేస్తాం. నొప్పి పోతుంది, కానీ ఇక వంగదు,” అన్నాడు డాక్టరు.

“కుట్టు కనబడకుండా కుట్టేది నేనొక్కణ్ణే అనుకున్నా!” నవ్వుతూ దర్జీ, పాదం మీద పక్కగా సుద్దతో గీసుకొచ్చిన ఏటవాలు గీత చూపించాడు. “ఈ వంపులో బిగించండి. కాలి మిషను తొక్కాలిగా.”

“అలాగైతే నడవలేరు. తిన్నగా బిగిస్తే తొక్కలేరు.”

దర్జీ నవ్వు ఆగింది. చూపులేని భార్య చెయ్యి, దారిలో పట్టుకున్నట్టే, ఇంకా అతని భుజం మీదే ఉంది.

“మిషనుకు తగ్గట్టే బిగించమనయ్యా. నాకెక్కడికెళ్ళే పనుంది?” అందామె.

దర్జీ బొటనవేలితో గీత చెరిపేశాడు.

“కొలత తప్పు గీశాన్లేవే. తిన్నగానే కానివ్వండి డాక్టరుగారూ.”