మూడేళ్ళ తేడా

"నోరు ఇంకొంచెం తెరువు, బంగారం," అంది పళ్ళ డాక్టరమ్మ.

పిల్ల తెరిచింది. పక్కన నిలబడ్డావిడ చెయ్యి మాత్రం వదల్లేదు. ఏడేళ్ళ కిందట ఆవిడ కూతురు నాలుగేళ్ళప్పుడు తప్పిపోయింది. మొన్న అనాథాశ్రమంలో ఈ పిల్లను చూసి, తన కూతురేనంది. కన్నవాళ్ళెవరో గుర్తులేని పిల్ల ఆ క్షణం నుంచే ఆవిణ్ణి అమ్మా అని పిలుస్తోంది. వయసు తేలితేనే అప్పగిస్తామని ఆశ్రమం వాళ్ళు ఇక్కడికి పంపారు.

డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసింది.

"కోరలింకా పాలపళ్ళే. వెనక దవడపళ్ళకు వేళ్ళు ఇప్పుడిప్పుడే దిగుతున్నాయి. ఎనిమిదేళ్ళుంటాయి."

"మా అమ్మాయికి పదకొండు," అన్నాడు ఆవిడ భర్త. "తిండి లేక ఆలస్యమయ్యాయేమో."

"తిండి లేకపోతే ఒళ్ళు ఎదగదు. పళ్ళు మహా అయితే ఏడాది వెనకపడతాయి. మూడేళ్ళ తేడా రాదండీ."

ఆవిడ పిల్ల మొహంలోకి చూసింది. ఇందాకటిదాకా పోలికలు వెతికిన కళ్ళు ఇప్పుడు తేడాలు వెతికాయి. తరవాత మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

డాక్టరమ్మకు మనసు చివుక్కుమంది. "కావాలంటే ఈ పిల్లనే పెంచుకోవచ్చు కదమ్మా."

"మా పిల్ల దొరకాలిగానీ, ఎవరి పిల్లో మాకెందుకు?" అంది ఆవిడ, పిల్ల వింటుండగానే.

ఇద్దరూ వెళ్ళిపోయారు. మెట్ల మీద వాళ్ళ అడుగుల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"పదకొండని రాయండి డాక్టరమ్మా," అంది పిల్ల గబగబా. "నేను తొందరగా పెరుగుతాను."

డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుని, ఎనిమిది అనే రాసింది.