మార్ల్‌బీ రోవర్స్ అమెరికా సభ్యుడు

తాను చనిపోయిన సంగతి ఫణికి శనివారం పొద్దున తెలిసింది.

జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్‌లో టీ కప్పు పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్‌లో ఫుట్‌బాల్ కామెంటరీ పెట్టాడు. ఇంగ్లండ్‌లో ఎక్కడో అట్టడుగు డివిజన్‌లో ఆడే మార్ల్‌బీ రోవర్స్ మ్యాచ్. నూట ముప్పై ఏళ్ల చరిత్రలో ఒక్క కప్పు కూడా గెలవని క్లబ్బు అది. కామెంటరీ చెప్పే ముసలాయన ఆల్ఫ్ గొంతు తప్ప, వారం మొత్తంలో ఫణికి తోడు వేరే లేదు. సభ్యులకే వినిపించే ఆ కామెంటరీ కూడా ఇవాళ్టితో సరి.

"ఆటకి ముందు ఒక నిమిషం మౌనం. మన క్లబ్బు చరిత్రలో ఒకే ఒక్క అమెరికా సభ్యుడు, మిస్టర్ ఫణి, ఇక లేరు," అన్నాడు ఆల్ఫ్.

రూమ్మేట్ రాకేష్ షూ లేసు కట్టుకుంటూ తలెత్తాడు. "ఏందిరా, నీ పేరు చెప్తున్నడు?"

"మెంబర్‌షిప్ క్యాన్సిల్ చేశాన్రా. వెబ్‌సైట్ రీజన్ అడిగింది. జాబ్ పోయిందని చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఇంట్రెస్ట్ లేదంటే అబద్ధం. లిస్టులో ఇక మిగిలింది 'సభ్యుడు మరణించారు' ఒక్కటే."

"సిగ్గుకు ప్రాణం తీస్కున్నవా! ఫోన్ చేసి బతికే ఉన్న అని చెప్పు." రాకేష్ నవ్వుకుంటూ ఫ్రెండ్స్‌తో ఎడిసన్ టౌన్‌కి వెళ్లిపోయాడు. నువ్వూ రారా అని మాటవరసకైనా అనలేదు.

ఫణి ఫోన్ తీసేలోగా మౌనం మొదలైంది. రెండు వేల మంది లేచి నిలబడ్డారని ఆల్ఫ్ గుసగుసగా చెప్పాడు. ఎక్కడో ఓ పసిపిల్ల ఏడ్చింది, అంతే. ఉద్యోగం పోయినప్పటి నుంచి ఎలా ఉన్నావని అడిగిన నాథుడు లేడు. పోయాక ఇంతమంది. ఫణికి దుఃఖం ఆగలేదు. తానూ లేచి నిలబడ్డాడు.

"ఆయన పేరు క్లబ్బు చరిత్ర పుస్తకంలోకి ఎక్కిస్తున్నాం. విరిగిన చేత్తో గోల్ కాసిన మన పాత కీపర్ పక్కనే," అన్నాడు ఆల్ఫ్.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బతికున్నానంటే అంతమందినీ వెర్రివాళ్లను చేసినట్టే. అనకపోతే వచ్చే శనివారం ఆ గొంతు కూడా ఉండదు. క్లబ్బు నంబరు నొక్కాడు.

"మార్ల్‌బీ రోవర్స్ ఆఫీసు," అంది ఓ పెద్దావిడ.

"అమెరికా నుంచండీ. ఫణి గురించి..."

"అయ్యో! చాలా బాధపడ్డాం నాయనా. మీరాయనకి ఏమవుతారు?"

ఫణి కళ్లు తుడుచుకున్నాడు.

"తమ్ముణ్ణండీ. అన్నయ్య మెంబర్‌షిప్ నా పేరు మీదకి మార్చండి."