తేనె అర మీద హక్కు

కొండగుహలో జంతువులన్నీ తమ తిండి దాచుకునేవి. ఏ అరను ఎవరు చూడొచ్చో, ఎవరు తెరవొచ్చో ఎలుగుబంటి బొగ్గుతో గోడ మీద రాసిపెట్టింది. ఆ రాత మార్చే హక్కు దానికొక్కదానికే ఉండేది.

ఉడుత రోజుకు పదిసార్లు దాన్ని నిద్రలేపేది.

"మామా, గింజల అర తెరవనా?"

ఎలుగుబంటికి విసుగొచ్చింది. "అన్ని హక్కులూ నీకే ఇచ్చేశా, నన్ను పడుకోనీ!"

ఆకలేసి లేచేసరికి తేనె అరకు అడ్డంగా ఉడుత కూర్చుని ఉంది.

"గోడ చూడండి మామా, ఇప్పుడు మీకు చూసే హక్కు మాత్రమే ఉంది. తేనె తెగ తాగేస్తున్నారని ఫిర్యాదొచ్చింది."

"ఎవరు చేశారు?"

"నేనే."

"విచారించిందెవరు?"

"నేనే. మీరు పడుకున్నారుగా!"

ఎలుగుబంటి తేనెకేసి చూస్తూ నిలబడిపోయింది.

"అంతసేపు చూడకండి మామా," అంది ఉడుత, "దాని మీదా ఫిర్యాదొస్తుంది."