తొమ్మిదో నంబరు మీసం

జుట్టు పట్టి ఈడ్చిన ఊపుకి గుప్పెడు వెంట్రుకలు కుదుళ్ళతో సహా ఊడి మొగుడి చేతిలోకి వచ్చాయి. చొక్కా ఇస్త్రీలో మడత పడిందట. అదీ ఆమె చేసిన నేరం!

డొక్కలో రెండు తన్నులు తన్నాడు. బెల్టు తీసి, బకిల్ వైపు నుంచి వీపు చీరేశాడు. మొహం జోలికి మాత్రం పోడు, మహా తెలివైనవాడు. చేతికి చుట్టుకున్న వెంట్రుకలు విదిలించి, స్నానం చేసి, ఈల వేసుకుంటూ కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆమె ఏడవలేదు. ఏడుపులన్నీ ఎప్పుడో అయిపోయాయి. అత్తగారితో చెప్పుకుంటే, నా కొడుకు చీమకైనా హాని చెయ్యడంది. వీధి వీధంతా అదే మాట. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. సాక్ష్యం లేనిదే పోలీసులైనా ఏం చేస్తారు? నేల మీది వెంట్రుకలు ఏరి, కవర్లో పెట్టుకుని బస్సెక్కింది.

ఆమె పనిచేసేది సముద్ర జంతువుల ల్యాబ్‌లో. ఫ్యాక్టరీల విషపు నీళ్ళలో తిరిగే సీల్‌ల మీసాలు అక్కడికి వస్తాయి. ఒంటికి కష్టం కలిగితే ఊరే హార్మోన్, పెరిగే మీసంలో చేరుతుంది. మీసాన్ని నెలకో ముక్కగా కోసి, పొడి చేసి, నంబరు వెయ్యడం ఆమె పని. ఏ జీవి ఏ నెలలో ఎంత నరకం చూసిందో తేల్చి సంతకం పెట్టడం సారు పని.

ఆ రోజు వచ్చినవి ఎనిమిది సీల్‌ల మీసాలు. ఆమె తొమ్మిది నంబర్లు వేసింది. తన వెంట్రుకల్లో సగం పొడి చేసి, సగం దాచుకుంది.

"కుంటుతున్నావేం? మెట్లు చూసుకుని దిగాలి కదా," అన్నాడు సారు, అందరి ముందూ, ఎంతో దయగా.

నాలుగో రోజు ఫలితాలు చూసి సారు కుర్చీలోంచి లేచిపోయాడు.

"వీటికి విషం తగిలింది, సరే. ఈ తొమ్మిదోదాన్ని మాత్రం ఇరవై నెలలుగా రోజూ చంపుతున్నారు. దీనికి కారణమైనవాణ్ణి ఊరికే వదలకూడదు."

ఆమె పెళ్ళయి సరిగ్గా ఇరవై నెలలు.

సారు అదే మాట రిపోర్టులో రాసి, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టాడు. ఆ కాగితం, మిగిలిన వెంట్రుకలు తీసుకుని ఆమె తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది.

లేడీ ఇన్‌స్పెక్టర్ ఆమె వీపు చూసి పళ్ళు కొరికింది. తొమ్మిదో నంబరు ఎవరిదో విన్నాక రిపోర్టు మళ్ళీ చదివింది.

"ఈ సంతకం పెట్టినాయన రేపు కోర్టులో మాట మారిస్తే?"

"మార్చలేడు మేడమ్. ఈ సంతకంతో ఆరు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి."

"అయితే వాడి పని అయిపోయినట్టే. మీ ఆయన పేరు చెప్పమ్మా, రాసుకుంటాను."

ఆమె ఆ సంతకం మీదే వేలు పెట్టింది.