సాగనంపు

వంశధార నది ఊరిని మింగాక వచ్చిన ఇరవయ్యో శీతాకాలం అది. బతికినవాళ్లు ఉత్తరాన మంచులో కట్టుకున్న కొత్తపేటలో ఎనిమిది నెలలు ఎవరూ గుమ్మం దిగరు. చుట్టపుచూపుకు ఇల్లే చక్రాల మీద కదిలి వెళుతుంది. ఇళ్లకు మన మర్యాదలన్నీ నేర్పిపెట్టారు.

గవరయ్యకూ బావ సింహాద్రికీ రెండేళ్లుగా మాటల్లేవు. చివరికి గవరయ్యే పంతం వదిలి వెళ్లాడు. ఇళ్ల గుమ్మాలు ఆనుకున్నాయి. ఇద్దరూ గంజి తాగారు గానీ గొడవ ఊసెత్తలేదు.

గవరయ్య ఇల్లు తిరుగుముఖం పట్టగానే, సింహాద్రి ఇల్లు సాగనంపడానికి వెంట వచ్చింది. వచ్చినదాన్ని ఒంటరిగా పంపకూడదని గవరయ్య ఇల్లు మళ్లీ దాన్ని దిగబెట్టడానికి వెళ్లింది. పొద్దుగూకేలోగా ఇలా తొమ్మిదిసార్లు జరిగింది.

"నీ ఇంటినాపరా బావా! పొయ్యిమీద కుండ నిలబడ్నేదు!" కిటికీలోంచి అరిచాడు సింహాద్రి.

"ముందు నీదాన్నాపు. పెతీసారీ నానే తగ్గాలేటి?"

"రెండేళ్ల కితమూ ఇదే మాట కదేటి!"

గవరయ్య కిటికీ మూసేశాడు.

రాత్రంతా ఇళ్లు ఆగలేదు. మర్నాడు పొద్దున్నే గవరయ్య తన ఇల్లు బావ గుమ్మానికి ఆనే వేళ చూసి, గొంగళి కప్పుకొని మంచులోకి దిగి, తన ఇంటి చక్రాలు నాలుగూ ఊడదీశాడు.