నీట్ ఉన్నదా?

"అమ్మా, పిల్ల నీట్ ఉన్నదా?"

బొంబాయిలో గది గదికో కుటుంబం ఉండే ఆ చాల్ మెట్ల కింద నిలబడిన కొత్త మనిషి అడిగాడు. యాభై ఏళ్లుంటాయి. ప్యాంటు నిండా సిమెంటు మరకలు.

శాంతాబాయి నీళ్ల బకెట్ అక్కడే వదిలేసి పైకి పరుగెత్తింది.

"స్వప్నిల్! లేరా! ఆడు వచ్చిండు. ప్రతీక్ష నీట్ గురించి అడుగుతుండు!"

రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న కొడుకు స్వప్నిల్ దిగ్గున లేచాడు.

పదిహేను రోజులుగా ఆ ఇంట్లో అదొక్కటే మాట. డాక్టరు సీటు కోసం రాసే ఆ పరీక్షలో చెల్లెలు ప్రతీక్షకు ఏడు వందల ఇరవైకి మూడు వందల ఎనభై తొమ్మిది వచ్చాయి. నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. ఐదో రోజు తనంతట తానే లేచి, గోడకు కొత్త టైంటేబుల్ అంటించింది. వచ్చే ఏడు మళ్లీ రాయాలి. ముంచింది ఫిజిక్స్ కాబట్టి దానికే రోజూ నాలుగు గంటలు. ఇంట్లో చదువు సాగదని, పొద్దున ఏడింటికల్లా గల్లీ చివరి అభ్యాసికలో, చదువుకునేవాళ్ల కోసం పెట్టిన గదిలో, కూర్చుంటోంది.

సీట్లు ఇప్పిస్తామనే దలాళ్ల ఫోన్లు మొదలైంది అప్పుడే.

"మేము గూడ తెలుగోళ్లమే తమ్మీ. నీట్ సంగతి మేం చూసుకుంటం. పిల్లను మా మనిషి ఎంట ఒక్క పూట లాడ్జికి పంపు."

రెండోసారి వచ్చినప్పుడు స్వప్నిల్ తిట్టలేదు. "నీ మనిషినే గల్లీకి పంపు. నడుసుకుంట వాపస్ పోతే నన్నడుగు" అన్నాడు.

ఇప్పుడా మనిషి వచ్చాడు.

స్వప్నిల్ తలుపు వెనుక నుంచి ఇనుప రాడ్ తీశాడు. పక్క గది అతుల్ వెంట దిగాడు.

"ఎవని మనిషివిరా నువ్వు?"

"ఎవని మనిషిని గాను బిడ్డా. పాలమూరు దిక్కు నుంచి కూలికొచ్చినోణ్ని. గా చష్మా పెట్టుకునే పిల్ల..."

రాడ్ మోకాలి మీద పడింది. విరిగిన చప్పుడు రెండో అంతస్తులో ఆడవాళ్లకు కూడా వినబడింది.

"నా చెల్లె నీకెట్ల ఎరుక?"

కింద పడ్డవాడు నోరు తెరిచాడు. ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ మూశాడు.

"చెప్పరాదు బిడ్డా."

"చెప్పరాదంట! సర్కారు సీక్రెట్ గదా!" అతుల్ నవ్వి, కడుపులో తన్నాడు.

"మూడు దినాలసంది గల్లీల తిరుగుతుండు. నేనే చూసిన!" పైనుంచి ఎవరో అరిచారు.

రాడ్ ఈసారి భుజం మీద దిగింది.

"నిన్ను పంపినోని పేరు చెప్పు. ఇడిచిపెడత."

తల అడ్డంగా ఊపాడు. రక్తంతో పాటు పన్ను ఒకటి ఊడి రాలింది.

"కొట్టకు బిడ్డా. పిల్ల నీట్ ఉంటే సాలు. పోత."

మళ్లీ ఆ మాటే!

స్వప్నిల్ కాలర్ పట్టి లేపాడు. వెనక్కి విసిరాడు. తల రాతిమెట్టు అంచుకు తగిలింది.

ఒక్కసారే.

మనిషి అలాగే జారి కూర్చున్నాడు. మెట్ల కింద నిలిచిన వాననీళ్లు ఎర్రబడ్డాయి.

"అరే, బస్ కర్! సచ్చిపోతడు!" అతుల్ రాడ్ లాక్కున్నాడు.

మధ్యాహ్నానికి స్వప్నిల్ పోలీస్ చౌకీ బెంచీ మీద ఉన్నాడు. వర్లి నుంచి కూలీల మేస్త్రీ, ముకాదం, వచ్చాడు.

"ఆడు కుర్మయ్య సాబ్. నా కిందనే పని చేస్తడు. దలాల్ ఏంది? ఆనికి సంతకమే రాదు."

"మరి నీట్, నీట్ అని ఎందుకు తిరిగిండు?" స్వప్నిల్ అరిచాడు.

ముకాదం వింతగా చూశాడు.

"బొంబాయిల పుట్టినోనివి, నీకు మరాఠీ రాదా? సైట్ మీద పొద్దంత మేం ఒర్లేది అదే గదా. 'నీట్ ఉచల్, నీట్ ఠేవ్.' మంచిగ ఎత్తు, మంచిగ పెట్టు. ఆనికొచ్చిన మరాఠీ గదొక్కటే. కూర నీట్ ఉన్నదా, కాలు నీట్ ఉన్నదా అనుకుంట అందర్నీ అడుగుతడు. మంచిగున్నదా అని!"

స్వప్నిల్‌ పదో తరగతి దాకా మరాఠీ బడిలోనే చదివాడు. కుర్మయ్య మరాఠీలో అడిగి ఉంటే ఆ క్షణమే అర్థమయ్యేది. తెలుగులో కలిపి అడిగాడు.

"మా... మా చెల్లెతోని ఏం పని?"

"నాకేం ఎరుక? మూడు దినాలు పని ఇడిచిపెట్టి పోయిండు. ఏడికిరా అంటే, ఒక బిడ్డను సూసొస్త అన్నడు."

ఫోన్ మోగింది. హవల్దార్ విని, పెట్టేశాడు.

"ఆస్పత్రిల పానం పోయింది" అన్నాడు.

ముకాదం నెత్తి మీది హెల్మెట్ తీశాడు.

అప్పుడే ప్రతీక్ష పుస్తకాల సంచీతో రొప్పుతూ లోపలికొచ్చింది. హవల్దార్ తన ఫోన్‌లోని ఫోటో చూపించాడు. "ఈయనను ఎరుగుదువా?"

చూసింది. సంచీ కింద పడిపోయింది.

"ఎవరే ఆయన? చెప్పు!" స్వప్నిల్ బెంచీ మీంచి లేచాడు.

ప్రతీక్ష గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది.

"రిజల్ట్ వచ్చిన దినం గ్రాంట్ రోడ్ స్టేషన్ల రైలు కింద పడబోతుంటే నన్ను ఎనక్కి గుంజి, మన గల్లీ దాకా దిగబెట్టినాయన అన్నా... ఇంట్ల ఎవ్వరికీ చెప్పకని నేనే ఆయనతోని ఒట్టు ఏయించుకున్న."