మంగళవారం కొట్టు సెలవు

తెగ్వెన్ కనిపించగానే ఎమ్రిస్ గుండె గుభేలుమంది. చప్పున ట్రాలీ తిప్పుకుని ఐస్‌క్రీం ఫ్రీజర్ల వెనక నక్కాడు.

డెబ్బై ఏళ్ళ మనిషి, సంఘపెద్ద, పట్నం సూపర్‌మార్కెట్లో దొంగలా నక్కడమేమిటి! నక్కాలి మరి. మొన్న శుక్రవారం నాంట్‌గ్లాస్ ఊరి హాల్లో, అందరూ టీ, బారా బ్రిత్ కేకు ముక్కలు లాగిస్తుంటే, బల్ల గుద్ది మరీ అరిచింది ఈ పెద్దమనిషే.

"పబ్బు మూశారు, బడి మూశారు. మనకి మిగిలింది తెగ్వెన్ కొట్టొక్కటే. అదుండగా పట్నంలో రొట్టె కొనేవాడు మన ఊరివాడే కాదు!"

చప్పట్లు మోగిపోయాయి. తెగ్వెన్ కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడీయన ట్రాలీలో రొట్టెలు, వెన్న, టీపొడి. అన్నీ ఆవిడ కొట్లో దొరికేవే. ఇక్కడ కాస్త చవక, అంతే. ఈ వారం నుంచి మంగళవారాలు కొట్టు సెలవని, మోకాలి వైద్యమని ఆవిడ తలుపుకి కాగితం అంటించింది. ఆస్పత్రేమో ఇంకో దిక్కున. ఇంతకన్నా మంచి రోజు దొరకదని వచ్చాడు.

'అమ్మో! మోకాలంతా నాటకం. ఎవరెవరు ఇక్కడ కొంటున్నారో కాపు కాయడానికొచ్చింది' అనుకున్నాడు.

పొడుగు కోటు వేసుకుని, తల దించుకుని, ఆవిడ తిన్నగా ఇటే వస్తోంది. తప్పుకుందామంటే వెనక గోడ, గోడకి సరుకుల గది తలుపు.

"ఎమ్రిస్ బాబాయ్?"

"తెగ్వెన్! అదీ... ఇవి మా చెల్లెలికమ్మా. పాపం, మంచం దిగలేకపోతోంది."

అనేశాక గుర్తొచ్చింది. నిరుడు ఆ చెల్లెల్ని సమాధి చేసిన రోజు చాపెల్‌కి టీ, కేకులు పంపింది ఈ తెగ్వెనే. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆవిడ ఆ ఊసెత్తలేదు. ముఖం మాత్రం కందిపోయింది.

"తిట్టమ్మా! హాల్లో అందరి ముందూ తిట్టు, పడతాను. ఇకమీదట అగ్గిపెట్టె కూడా బయట కొనను, ఒట్టు!"

"తిట్టడానికి నాకేం మొహముంది బాబాయ్? మీరు నన్ను చూళ్ళేదు, నేను మిమ్మల్ని చూళ్ళేదు. ఊళ్ళో మాత్రం అనకండి, మీకు పుణ్యముంటుంది."

"నువ్వెందుకే సిగ్గుపడటం?"

తెగ్వెన్ అటూ ఇటూ చూసి కోటు గుండీలు విప్పింది: లోపల ఆ సూపర్‌మార్కెట్ వాళ్ళ యూనిఫాం, దానిమీద ఆవిడ పేరుతో కొత్త బిళ్ళ.